గ్యాస్ పైపులైను బాగుందని ఎవరు చెప్పాలి? గంజాం సరిహద్దు ఊళ్ల కోసం ఒక వివరణ

గ్యాస్ లైను సంగతి వస్తే మన గంజాం తెలుగు ఊళ్లలో వినిపించేవి రెండు మాటలు. "పొలంలో పాతిపెట్టిన బాంబు అది" అని కొందరంటారు. "పెద్ద కంపెనీ లైను, వాళ్లే చూసుకుంటార్లే" అని మరికొందరంటారు. మొదటి మాట నమ్మినవాళ్లకి నిద్ర పట్టదు, రెండోది నమ్మినవాళ్లు ఒళ్లు మరచి నిద్రపోతారు. అసలు ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. మీటరు లోతు మట్టి కింద ఎవరికీ కనిపించని పైపు బాగుందని ఎవరు చెబుతున్నారు, దేన్ని చూసి చెబుతున్నారు?

ముందు ఒక గందరగోళం తీర్చాలి. మన వైపు వచ్చే గ్యాస్ లైన్లు రెండు రకాలు. శ్రీకాకుళం నుంచి అంగుల్ దాకా గెయిల్ చేపట్టిన లైను శాఖలతో కలిపి సుమారు 700 కిలోమీటర్లు. అంగుల్ దగ్గర అది జగదీశ్‌పూర్–హల్దియా–బొకారో–ధమ్రా లైనుతో కలుస్తుంది. ఇది ట్రంకు లైను, మన పొలాల మీదుగా పోతుందే తప్ప మన పొయ్యిలోకి రాదు. గంజాం, నయాగఢ్, పూరీ జిల్లాల్లో ఇళ్లకు, హోటళ్లకు, సీఎన్‌జీ బంకులకు గ్యాస్ ఇచ్చే అనుమతి గెయిల్ గ్యాస్ అనే వేరే కంపెనీకి ఉంది. అది సిటీ గ్యాస్. "మా భూమిలోంచి పైపు పోతోంది, మా ఇంటికి గ్యాస్ ఎందుకు ఇవ్వరు?" అని ట్రంకు లైను మనుషుల్ని నిలదీస్తే వాళ్లు నీళ్లు నమలడం అందుకే.

ఈ రెండింటి మధ్య అసలు తేడా ఒత్తిడిలో ఉంది. కారు టైరులో గాలి రెండు, రెండున్నర బార్ ఉంటుంది. ట్రంకు లైనులో 90 బార్ దాటి కూడా నడపొచ్చు. ఊళ్లో రోడ్డు కింద వేసే ఉక్కు పైపుల్లో 49 బార్ వరకు ఉంటుంది. వీధుల్లో కనిపించే పసుపు ప్లాస్టిక్ గొట్టాల్లో ఇంకా చాలా తగ్గి, వంటింటి పొయ్యి దగ్గరికి వచ్చేసరికి 21 మిల్లీబార్ మాత్రమే మిగులుతుంది. అందుకే ఒకే గ్యాస్ అయినా నియమాల పుస్తకాలు రెండు. ట్రంకు లైన్లకు 2009 నాటి సాంకేతిక, భద్రతా ప్రమాణాల నిబంధనలు వర్తిస్తాయి. సిటీ గ్యాస్‌కు 2008 నాటివి. పరిశ్రమ మనుషులు రెండింటినీ టీ4ఎస్ అనే అంటారు.

చాలామందికి తెలియనిది ఇంకొకటుంది. సిలిండర్ లీకైతే వచ్చే ఆ కుళ్లు వాసన గ్యాస్‌ది కాదు, అందులో కలిపే మెర్‌క్యాప్టన్ అనే రసాయనానిది. సిటీ గ్యాస్‌లో ఊరి మొదట ఉండే స్టేషన్ దగ్గర దాన్ని కలుపుతారు. ట్రంకు లైనులో పోయే గ్యాస్‌కు మాత్రం మామూలుగా కలపరు. కాబట్టి పొలంలో లైను లీకైతే వంటింటి వాసన వస్తుందని ఎదురుచూడకూడదు. బుస్సుమనే చప్పుడు, చెరువు నీళ్లలోనో తడి మడిలోనో ఆగకుండా లేచే బుడగలు, చుట్టూ పచ్చగా ఉండి ఒక్కచోటే ఎండిపోయిన గడ్డి, గాలి లేకపోయినా లేస్తున్న దుమ్ము. గుర్తులు ఇవే.

ఇక తనిఖీ సంగతి. ఢిల్లీ నుంచో భువనేశ్వర్ నుంచో ఎవరో ఇన్‌స్పెక్టరు వచ్చి పైపు చూసి సంతకం పెట్టిపోతాడని మన ఊహ. అలా జరగదు. పైపునంతా కళ్లతో చూసేది ఒక్కసారే, పాతిపెట్టే ముందు. అప్పుడు ప్రతి వెల్డింగునూ ఎక్స్‌రే లాంటి పద్ధతులతో పరీక్షిస్తారు. పైపు నిండా నీళ్లు నింపి, నడపబోయే ఒత్తిడి కంటే బాగా ఎక్కువ ఒత్తిడిలో 24 గంటలు ఉంచుతారు. ఆ పరీక్ష గ్రాఫులు లైను బతికున్నన్నాళ్లూ భద్రంగా ఉండాలి. మట్టి కప్పిన తర్వాత అంతా పరోక్ష సాక్ష్యమే.

ఆ పరోక్ష సాక్ష్యం ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూడాలంటే లైను వెంబడి పాతిన టెస్ట్ పోస్టుల దగ్గర కాసేపు నిలబడాలి. టెక్నీషియన్ బైకు దిగుతాడు. పోస్టు మీదున్న పెట్టె మూత తీస్తాడు. సీసాలో నీళ్లు కొంచెం నేల మీద పోసి తడి చేసి, లోపల నీలం ద్రావణం ఉన్న ఒక గొట్టాన్ని ఆ తడి మీద నిలబెడతాడు. అది కాపర్ సల్ఫేట్. మల్టీమీటరు వైరు ఒకటి ఆ గొట్టానికి, రెండోది పెట్టెలో పైపు నుంచి వచ్చిన తీగకు తగిలిస్తాడు. అంకె మైనస్ 0.85 వోల్టులు దాటి ఉంటే రాసుకుని బండెక్కుతాడు. మైనస్ 0.70 దగ్గర ఆగిందంటే అక్కడ పైపుకు తుప్పు నుంచి రక్షణ చాలడం లేదన్నమాట.

ఉక్కు పైపుకు మూడు పొరల కోటింగ్ ఉంటుంది. దించేటప్పుడు రాయి తగిలో, మరోలాగో ఎక్కడో ఒకచోట గీత పడక మానదు. ఆ గీత దగ్గర తుప్పు మొదలుకాకుండా పైపులోకి సన్నని డీసీ కరెంటు పంపుతూ ఉంటారు. దాన్నే సీపీ అంటారు. టెక్నీషియన్ కొలిచింది ఆ రక్షణనే. ఎక్కువైనా ముప్పే. అంకె మైనస్ 1.2 దాటి పోతే కోటింగే పైపు నుంచి ఊడివచ్చే ప్రమాదం ఉంది. మన వైపు ఈ కొలతకు ఇంకాస్త విలువ ఎక్కువ. సముద్రానికి దగ్గరి ఉప్పు నేలలో తుప్పు తొందరగా పడుతుంది. హౌరా–చెన్నై రైల్వే కరెంటు, హైటెన్షన్ టవర్లు పైపు పక్కనే చాలాదూరం పోతుంటే ఆ కరెంటు ప్రభావం పైపు మీద పడి లెక్కలు తారుమారవుతాయి.

రెండో సాక్ష్యం పిగ్. లైను ఒక చివర నుంచి లోపలికి తోస్తే గ్యాస్ ఒత్తిడితోనే రెండో చివరకు చేరే యంత్రం ఇది. మామూలు పిగ్ లోపల పేరుకున్న నీటిని, మురికిని తోసుకుపోతుంది. తెలివైన పిగ్ అయస్కాంతాలతో గోడ మందం కొలుస్తూ, ఎక్కడ లోహం తరిగిందో గుర్తు పెట్టుకుంటూ పోతుంది. కొన్నేళ్లకోసారి దీన్ని నడపాలి. వచ్చిన లెక్క నిజమో కాదో చూడటానికి అనుమానం ఉన్నచోట తవ్వుతారు. రైతులు గమనించాల్సింది ఇక్కడే. లైను వేసినప్పుడు ఒకసారి పంట నష్టం ఇచ్చారు కదా అని ఊరుకోనక్కర్లేదు. తర్వాత మరమ్మతుకో పరీక్షకో మళ్లీ తవ్వి పంట పాడుచేస్తే మళ్లీ నష్టపరిహారం ఇవ్వాలని 1962 నాటి పైపులైన్ల చట్టమే చెబుతోంది.

ఇదంతా చదివితే ఏర్పాటు గట్టిగానే ఉందనిపిస్తుంది. ఉందికూడా. మరి ఎక్కడ తేడా కొడుతుంది? నాకు అర్థమైనంతలో పైపు దానంతట అది చెడటం తక్కువ. ఒకప్పుడు ఏ పరిస్థితికి సరిపడేలా వేశారో ఆ పరిస్థితి మారిపోతుంది, ఆ మార్పు కాగితం మీదికి ఎక్కదు. పెద్ద ప్రమాదాల చరిత్ర తిరగేస్తే ఎక్కువగా కనిపించేది ఇదే.

కోనసీమలోని నగరం అనే ఊరు మనకు దూరం కాదు, బంధుత్వాలున్న నేల. 2014 జూన్ 27 తెల్లవారుజామున తాటిపాక నుంచి కొండపల్లి వైపు వెళ్లే 18 అంగుళాల గెయిల్ లైను అక్కడ బద్దలైంది. 20 మందికి పైగా చనిపోయారు. కొబ్బరి తోటలు, ఇళ్లు మాడిపోయాయి. విచారణలో తేలిందేమిటంటే, ఆ లైను పొడి గ్యాస్ కోసం ఉద్దేశించినది. అందులో పోయింది నీరు, కండెన్సేట్ అనే చమురులాంటి ద్రవం కలిసిన తడి గ్యాస్. నీరు తొలగించే యూనిట్ ఉండాల్సిన చోట లేదు. పైపు లోపల అడుగున చేరిన నీరు ఏళ్ల తరబడి గోడను తినేసింది. పైన సీపీ అంకె ఎంత బాగున్నా లోపలి తుప్పును అది ఆపలేదు, ఆ పని దానిది కాదు. పైపు మారలేదు, అందులో పోయే సరుకు మారింది.

గంజాంలో మారేది ఇళ్లు. ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే బరంపురం చుట్టూ లేఅవుట్లు పెరుగుతున్న తీరుకు ఇది నేరుగా తగిలే విషయం. లైను డిజైను చేసేటప్పుడు దానికి అటూ ఇటూ 200 మీటర్ల వెడల్పున, 1600 మీటర్ల పొడవున ఒక ముక్క తీసుకుని అందులో ఎన్ని నివాసాలున్నాయో లెక్కపెడతారు. పది వరకు ఉంటే ఒకటో తరగతి. 11 నుంచి 45 వరకు రెండు. 46, అంతకు మించితే మూడు. నాలుగు, ఆపై అంతస్తుల భవనాలు ఎక్కువగా ఉండే ప్రాంతం నాలుగు. ఒకటో తరగతిలో పైపు ఉక్కు తట్టుకోగల బలంలో 72 శాతం దాకా వాడుకోవచ్చు. రెండులో 60, మూడులో 50, నాలుగులో 40 శాతమే. అంటే జనం పెరిగేకొద్దీ అదే ఒత్తిడికి గోడ మందంగా ఉండాలి. వాల్వుల మధ్య దూరం కూడా ఒకటో తరగతిలో 32 కిలోమీటర్ల వరకు ఉండొచ్చు, నాలుగులో 8 కిలోమీటర్లు మించకూడదు. ఏదైనా జరిగితే రెండు వాల్వుల మధ్య ఉన్న గ్యాస్ అంతా పోయేదాకా మంట ఆరదు కాబట్టి ఈ దూరం చిన్న విషయం కాదు.

ఇప్పుడు ఊహించండి. లైను వేసేనాటికి అది జీడి తోట. పదేళ్లకు తోట ప్లాట్లయింది, ప్లాట్లు కాలనీ అయింది. కాలనీలో ఒక్క ఇల్లు కూడా పైపు మీద లేదు. చట్టం ఎవరూ మీరలేదు. అయినా ఆ పైపు తరగతి మారిపోయింది. నిబంధనల ప్రకారం కంపెనీ ఎప్పటికప్పుడు సర్వే చేసి, తరగతి మారిన చోట ఆ పైపు ఇప్పటి ఒత్తిడికి పనికొస్తుందో లేదో తేల్చాలి. పనికిరాకపోతే ఒత్తిడి తగ్గించాలి, లేదా ఆ ముక్క మార్చాలి. ఇక్కడే నాకు గుబులు. లేఅవుట్‌కి అనుమతి ఇచ్చే ఆఫీసు వేరు, పైపు తరగతిని చూసే ఆఫీసు వేరు. ఈ ఆఫీసు అనుమతించిన ఇళ్ల కబురు ఆ ఆఫీసుకు చేరేది లైను వెంట నడిచి చూసే లైన్ వాకర్ కాళ్ల మీద, అప్పుడప్పుడు జరిగే సర్వేల మీద. ప్లాటు కొనేవాళ్లలో పక్కన గ్యాస్ లైను ఉందా అని అడిగేవాళ్లు ఎంతమంది? వాస్తు మాత్రం అందరూ అడుగుతారు.

భూమి నియమాలు దీనికంటే సూటిగా ఉన్నాయి. 1962 చట్టం కింద కంపెనీ మీ భూమిని కొనదు, వాడుకునే హక్కు మాత్రమే తీసుకుంటుంది. ముందు నోటిఫికేషన్ వస్తుంది. 21 రోజుల్లో అభ్యంతరం రాసి ఇవ్వొచ్చు. అప్పటికే ఇల్లుగా వాడుతున్న స్థలంలో గానీ, పక్కా కట్టడం కింద గానీ, ఇంటికి చేర్చి ఉన్న దొడ్డిలో గానీ, మీటరు కంటే తక్కువ లోతులో గానీ పైపు వేయకూడదు. పంట నష్టానికి తోడు, నోటిఫికేషన్ నాటి భూమి మార్కెట్ విలువలో 10 శాతం ఇవ్వాలి. లెక్క నచ్చకపోతే జిల్లా జడ్జి దగ్గరికి వెళ్లొచ్చు. ఆ తర్వాత ఆ పట్టీలో వరి, చోళ్లు, కూరగాయలు ఏవైనా పండించుకోవచ్చు. ఇల్లు కట్టకూడదు, చెరువు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. చెట్టు విషయంలో మనవాళ్లకి కోపం వస్తుంది, కొబ్బరి మొక్క ఏం చేస్తుందని. వేళ్లు కోటింగును గీరుతాయి. తుపానుకు చెట్టు కూలితే వేళ్లతోపాటు పైపునూ లాగుతుంది. ఫైలిన్, తిత్లీ చూసినవాళ్లకి ఇంకా విడమరచి చెప్పక్కర్లేదు. 21 రోజుల గడువు దాటిపోవడానికి మన వైపు ఇంకో కారణం కూడా ఉంది. నోటీసు ఒడియాలోనో ఇంగ్లిషులోనో ఉంటుంది. ఇంట్లో పెద్దాయన తెలుగు తప్ప చదవలేరు. చదివేసరికి గడువు అయిపోతుంది.

తుపాను మాట వచ్చింది కాబట్టి, పాతిన పైపుకు గాలి వల్ల పెద్ద భయం లేదు. భయమంతా నీటితో. ఋషికుల్య, బాహుదా లాంటి నదులు వరద వచ్చినప్పుడు అడుగు కోసేస్తాయి. నది కింద లోతుగా వేసిన పైపు మీద మట్టి పోయి అది తేలిపోవచ్చు. దానికి తోడు ఇసుక తవ్వకాలు. తుపాను వెళ్లిన మర్నాడు మొదలయ్యే జేసీబీల హడావుడి అన్నిటికంటే ప్రమాదం. కాలువ పూడిక తీయాలి, కూలిన చెట్లు లాగాలి, నీటి పైపు వెయ్యాలి, అందరికీ తొందరే. కింద పైపు ఉందని చెప్పే పసుపు మార్కరు వరదకు కొట్టుకుపోయి ఉంటుంది. డ్రైవరు పక్క జిల్లా నుంచి వచ్చినవాడై ఉంటాడు.

పైపుకు జేసీబీ పళ్లు తగిలి గ్యాస్ రాకపోతే గండం గడిచిందనుకుంటారు. అదే అసలు పొరపాటు. బెల్జియంలో గిస్లెంగియెన్ అనే చోట 2004 జూలై 30న 24 మందిని బలిగొన్న పేలుడుకు మూలం అలాంటి దెబ్బే. అంతకుముందు నిర్మాణ పనుల్లో యంత్రం పైపును గీరింది. అప్పుడు ఏమీ కాలేదు. ఆ తర్వాత ఒకరోజు పైపు అక్కడే విచ్చుకుంది. కాబట్టి మీ పొలంలో పైపుకు ఏదైనా తగిలితే మట్టి కప్పేసి ఊరుకోవద్దు. మార్కరు మీద ఉన్న నంబరుకు ఫోన్ చేసి చెప్పాలి. కేసు పెడతారేమోనని టెన్షన్ పడి దాచేస్తారు, నాకు తెలుసు. చట్టంలో కఠినమైన జైలు శిక్ష ఉన్నది కావాలని పాడుచేసినవాళ్లకి. తవ్వే ముందే చెప్పడానికి కేంద్రం 2023 మార్చిలో 'కాల్ బిఫోర్ యూ డిగ్' అనే యాప్ తెచ్చింది. పంచాయతీ కాంట్రాక్టర్ల ఫోన్లలో అది ఉందో లేదో ఒక్కసారి అడిగి చూడండి.

ఇన్ని కొలతలు, సర్వేలు తీసుకున్నాక అవి ఎవరికి చేరతాయి? ప్రధాన నియంత్రణ సంస్థ పెట్రోలియం, సహజవాయువు నియంత్రణ బోర్డు, అంటే పీఎన్‌జీఆర్‌బీ, 2006 చట్టంతో ఏర్పడింది. అది ప్రతి కిలోమీటరూ తిరగదు. కంపెనీ తన సొంత తనిఖీలు చేసుకుని నియమాలు పాటిస్తున్నానని ధ్రువీకరించాలి. గుర్తింపు పొందిన బయటి సంస్థలు వచ్చి ఆ తనిఖీలను తనిఖీ చేయాలి. అంతా బోర్డుకు చేరాలి. ఉల్లంఘన తేలితే ఒక్కోదానికి కోటి రూపాయల దాకా జరిమానా, సరిదిద్దకుండా సాగదీస్తే రోజుకు పది లక్షల దాకా అదనం. పెట్రోలియం శాఖ కింది చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్ (ఓఐఎస్‌డీ) వేరుగా భద్రతా ఆడిట్లు చేస్తుంది. సీఎన్‌జీ బంకుల్లో సిలిండర్లు, నిల్వ అయితే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ పెసో చూస్తుంది. భూమి తగాదా అయితే 1962 చట్టం కింద నియమించిన అధికారి, అంటే కాంపిటెంట్ అథారిటీ. ప్రమాదం కంచె దాటి ఊళ్లోకి వస్తే కలెక్టరు.

ఈ ఏర్పాటు చాలావరకు కాగితాల మీద నమ్మకంతో నడుస్తుంది. అందులో తప్పేమీ లేదు, వందల కిలోమీటర్ల పైపును ఏ దేశమూ వేరేలా చూడలేదు. కానీ కాగితం తప్పయితే ఏమవుతుందో కాలిఫోర్నియాలోని శాన్ బ్రూనో చెప్పింది. 2010 సెప్టెంబరు 9న అక్కడ 30 అంగుళాల లైను పేలి ఎనిమిది మంది చనిపోయారు. రికార్డుల్లో అది అతుకు లేని పైపు. నిజానికి అందులో లోపమున్న వెల్డింగు ఉంది, 1956 నుంచీ. లేదని రాసిన అతుకును ఎవరు వెతుకుతారు? పైగా గ్యాస్ పూర్తిగా ఆపడానికి 95 నిమిషాలు పట్టింది.

ఆ 95 నిమిషాల లాంటివి తగ్గించడానికే మన దగ్గర అత్యవసర ప్రణాళికల నిబంధనలు 2010లో వచ్చాయి. కంపెనీ సొంతంగా అదుపు చేయగలిగేది మొదటి స్థాయి. జిల్లా యంత్రాంగం, పక్క సంస్థల సాయం కావాల్సింది రెండోది. అంతకు మించితే మూడోది. ఊరికి సంబంధించిన మాక్ డ్రిల్ ఏడాదికోసారైనా జరగాలి. అది స్టేషను ఆవరణలో హెల్మెట్లు పెట్టుకున్న సిబ్బంది మధ్య ఫోటోలతో ముగిసిపోతే ఊరికి ఒరిగేదేమీ లేదు. లైను పక్క ఊళ్లో రాత్రిపూట ఎవరు ఎటు పరుగెత్తాలో ఊరివాళ్లకి తెలిసి ఉండాలి. గాలి ఎటు నుంచి వస్తుంటే అటు వైపుకు, అడ్డంగా జరుగుతూ దూరం పోవాలి. బండి స్టార్ట్ చేయకూడదు, లైటు స్విచ్చి ముట్టకూడదు, ఫోన్ దూరం వెళ్లాకే చేయాలి. గాలిలో ఈ గ్యాస్ 5 నుంచి 15 శాతం మధ్య కలిసినప్పుడు నిప్పురవ్వ చాలు.

గెయిల్ ప్రభుత్వ రంగ సంస్థ, పీఎన్‌జీఆర్‌బీ చట్టబద్ధ సంస్థ. రెండింటికీ సమాచార హక్కు చట్టం వర్తిస్తుంది. పది రూపాయల ఫీజుతో అడగదగిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. మా పంచాయతీ పరిధిలో లైను ఏ తరగతిలో ఉంది, ఆ సర్వే చివరిసారి ఎప్పుడు చేశారు? మాకు అటూ ఇటూ దగ్గరి వాల్వులు ఎన్ని కిలోమీటర్లలో ఉన్నాయి? పోయిన వరద తర్వాత నది దాటే చోట పైపు మీద మట్టి ఎంత ఉందో కొలిచారా? చివరి మాక్ డ్రిల్‌కి మా ఊరివాళ్లని పిలిచారా? దరఖాస్తు ఇంగ్లిషులో గానీ హిందీలో గానీ ఆ ప్రాంత అధికార భాషలో, అంటే మనకు ఒడియాలో గానీ రాయాలి. జవాబుకు గడువు 30 రోజులు, రాకపోతే అదే సంస్థలో మొదటి అప్పీలు.